నడుస్తూ వడికినవాళ్ళు

పెద్దవూర దాటాక నందికొండ వైపు వెళ్ళే రోడ్డు కాస్త ఖాళీ అవుతుంది. పోయిన డిసెంబర్‌లో ఒక ఆదివారం పొద్దున్నే ఆ రోడ్డు పక్కన నడుస్తున్నాను. భుజానికి గుడ్డ సంచి, అందులో ఊలు ఉండ, చేతుల్లో ఐదు సన్న సూదులు, వాటి మీద సగం అల్లిన మేజోడు. లాక్‌డౌన్‌లో యూట్యూబ్ చూసి నేర్చుకున్న విద్య ఇది. ఆఫీసులో దీని గురించి జోకులన్నీ అయిపోయాయి కాబట్టి ఇప్పుడెవరూ ఏమీ అనరు. ఇంట్లో మాత్రం అంటారు.

ఎదురుగా గొర్రెల మంద వచ్చింది. పక్కకి తప్పుకుని నిలబడ్డాను. వెనకాల నడుస్తున్న ముసలాయన నా ముందు ఆగి, సూదుల వైపు చూశాడు.

“ఏం అల్లుతున్నవ్ బిడ్డా?”

“సాక్స్ తాతా. కాళ్లకు ఏసుకునేటియి.”

“గీ ఎండల కాళ్లకు స్వెట్టరా!”

పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. నిజమే మరి, నల్లగొండ జిల్లాలో ఉన్ని మేజోళ్ళు వేసుకునేవాణ్ణి ఏమనాలి? ఆయన కాళ్ళకి రబ్బరు చెప్పులు. ఆయన తండ్రి అయితే కిర్రు చెప్పులు వేసుకుని ఉంటాడు. నవ్వడం అయ్యాక ఆయన మేజోడుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నలిపి చూసి, “మేం గూడ జేసేటోల్లం. నడ్సుకుంట. గిట్ల అల్లుడు గాదు, వడ్కుడు” అన్నాడు. గొర్రెలు ముందుకి వెళ్ళిపోతున్నాయి. “పోతయి, మల్ల దొర్కయి” అంటూ వెళ్ళిపోయాడు.

ఆ మాట నాకు కొత్తదేమీ కాదు. మా తాత కురుమ. దేవరకొండ వైపు ఊరు. నల్ల గొర్రెల మంద వెంట నడుస్తూ కదురు తిప్పేవాడని చిన్నప్పటి నుంచీ వింటున్నాను. వింటున్నాను అంతే. సూదులు పట్టుకుని ఐదేళ్ళయినా, నేను చేస్తున్నదీ ఆయన చేసినదీ ఒకే జాతి పని అని నాకు తట్టలేదు. నేను చదివిన పుస్తకాల్లో నడుస్తూ అల్లినవాళ్ళందరూ యూరప్‌లోనే ఉండేవాళ్ళు. అందుకని ముందు వాళ్ళ సంగతే చెప్తాను.

చూడకుండా ఎలా అల్లుతావని అడుగుతుంటారు. మేజోడు నిజానికి ఒక గొట్టం. నాలుగు సూదుల మీద పదహారేసి చొప్పున 64 కుట్లు, ఐదో సూదితో గుండ్రంగా అల్లుకుంటూ పోవడమే. చీలమండ పైభాగమంతా ఇంతే, వేళ్ళకి అలవాటైతే కళ్ళతో పని లేదు. మడమ దగ్గరికొచ్చేసరికి మాత్రం లెక్క మొదలవుతుంది, సగం కుట్లు పక్కన పెట్టి, మిగతా సగాన్ని ముందుకీ వెనక్కీ అల్లి మలుపు తిప్పాలి. అక్కడ ఎవరైనా ఆగి కూర్చోవాల్సిందే. గొట్టం నడకలో, మడమ చెట్టు కింద. వందల ఏళ్ళుగా అందరూ కనిపెట్టుకున్న పద్ధతి ఇదే.

స్కాట్లండ్‌కి ఉత్తరాన షెట్‌లాండ్ దీవుల్లో ఆడవాళ్ళు కొండల మీద తవ్విన పీట్ గడ్డలని వంటచెరకు కోసం గడ్డితో అల్లిన బుట్టల్లో వీపున మోసుకొచ్చేవాళ్ళు. బరువు వీపు మీద ఉంది కాబట్టి చేతులు ఖాళీ. ఆ ఖాళీ చేతులతో అల్లేవాళ్ళు. నడుముకి తోలు బెల్టు, దానికి గుర్రపు వెంట్రుకలు కూరిన చిన్న తోలు దిండు, దిండు నిండా చిల్లులు. కుడి సూది చివర ఆ చిల్లులో గుచ్చేస్తే సూది బరువు చెయ్యి మొయ్యక్కర్లేదు, వేళ్ళు దారాన్ని మాత్రం నడిపిస్తే చాలు. ఆ పాత ఫోటోలు ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో చాలా అందంగా తిరుగుతుంటాయి. వాటి కింద ఎవరూ రాయని సంగతి ఒకటుంది. ఆ మేజోళ్ళకి, శాలువలకి వర్తకులు డబ్బు ఇచ్చేవాళ్ళు కాదు. టీ పొడి, గుడ్డ, ఇలా తమ కొట్లో సరుకే ఇచ్చేవాళ్ళు. ఈ పద్ధతి మీద బ్రిటిష్ ప్రభుత్వం విచారణ వేస్తే 1872లో నివేదిక వచ్చింది. ఆ ఆడవాళ్ళు నడుస్తూ అల్లింది సరదాకి కాదు. కూర్చుని అల్లే తీరిక లేక.

నాకు ఇంకా ఇష్టమైనవాళ్ళు ఫ్రాన్స్‌లో నైరుతి మూల లాండ్ ప్రాంతపు గొర్రెల కాపరులు. అక్కడి నేల ఇసక, వానాకాలంలో అంతా చిత్తడి. కాపరులు ఎత్తైన కొయ్యకాళ్ళు కట్టుకుని నడిచేవాళ్ళు. నీళ్ళల్లో కాళ్ళు తడవవు, పొదల మీదుగా మంద కూడా దూరం నుంచి కనిపిస్తుంది. చేతిలో పొడవాటి కర్ర. ఆగాల్సి వస్తే దాన్ని వెనక ఆనించి దాని మీదే కూర్చునేవాళ్ళు, మూడు కాళ్ళ స్టూలు లాగా. అలా గాల్లో కూర్చుని మేజోళ్ళు అల్లేవాళ్ళు. వాళ్ళంతా మగవాళ్ళేనని మా అమ్మకి ఒకసారి బొమ్మతో సహా చూపించాను. “వాళ్ళకి పని లేదు, నీకు ఉంది” అంది.

ఆ కాపరులు ఎలా పోయారన్నది ముఖ్యం. 1857లో మూడో నెపోలియన్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. లాండ్‌లోని ఊరుమ్మడి బీళ్ళలో నీళ్ళు తోడేసి పైన్ చెట్లు నాటాలని. ప్రభుత్వం దృష్టిలో అది పనికిరాని నేల. కొన్ని దశాబ్దాల్లో బీడంతా అడవి అయింది, రెజిన్, కలప అమ్మి ప్రాంతం బాగుపడింది కూడా. మంద తిరగడానికి చోటు లేక గొర్రెలు పోయాయి, కొయ్యకాళ్ళు పోయాయి, అల్లిక పోయింది. అక్కడే పుట్టిన ఫెలిక్స్ ఆర్నోడాన్ అనే ఆయన జీవితమంతా ఆ పోతున్నవాళ్ళ ఫోటోలు తీస్తూ, పాటలూ కథలూ రాసుకుంటూ గడిపాడు. 1891లో సిల్వేన్ డోర్నాన్ అనే మరొకాయన కొయ్యకాళ్ళ మీద పారిస్ నుంచి మాస్కోకి 58 రోజుల్లో నడిచి పేపర్లకెక్కాడు. ఒక పని బతుకుతెరువుగా పోయాకే రికార్డుగా మారుతుంది కాబోలు. నా వారాంతపు నడకలు కూడా డోర్నాన్ లెక్కలోవే, ఆ విషయంలో నాకు భ్రమలేం లేవు.

ఇప్పుడు మన సంగతి. సూదులతో అల్లే విద్య మన దేశానికి యూరప్‌వాళ్ళతో, మిషనరీ బడులతో వచ్చిందే. నడుస్తూ చేతులతో ఉన్ని పని చెయ్యడం మాత్రం దక్కన్ పీఠభూమి మీద ఎవరూ నేర్పక్కర్లేనిది. పాలమూరు, నల్లగొండ మెట్టల్లో కురుమలు, గొల్లలు పెంచిన దక్కనీ గొర్రె నల్లది, దాని ఉన్ని ముతక. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏకి మెత్తగా చేసిన ఉన్నిని చేతికి చుట్టుకుని, కొసని కదురుకి తగిలించి, వేళ్ళతో ఒక తిప్పు ఇచ్చి వదలాలి. కదురు గాల్లో వేలాడుతూ తిరుగుతుంటే ఉన్ని పోగవుతుంది. అది నేలకి తగిలేలోగా పోగుని కదురుకి చుట్టేసి మళ్ళీ తిప్పాలి. ఇంట్లో ఆడవాళ్ళు రాట్నం మీద వడికేవాళ్ళు, మంద వెంట తిరిగే మగవాళ్ళకి ఈ కదురు. అలా పోగైన నూలుతో పడుగు సాగదీసి, చింతగింజల గంజి పట్టించి, మగ్గం మీద నేస్తే గొంగడి.

గొంగడి గురించి తెలంగాణవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు కానీ, సిటీలో పుట్టినవాళ్ళ కోసం: అది దుప్పటి మాత్రమే కాదు. వానొస్తే కొసని మడిచి నెత్తిన కొప్పెర వేసుకుంటారు. ముతక ఉన్ని కాబట్టి చినుకు లోపలికి దిగడానికి చాలాసేపు పడుతుంది. ఎండకి నీడ, చలికి కప్పు, రాత్రికి పరుపు, పుట్టిన గొర్రెపిల్లకి మొదటి జోలె. నెలల తరబడి ఇల్లు వదిలి నడిచేవాడి ఇల్లు అది. ఆ ఇంటిని అతను ఆ నడకలోనే వడుక్కుంటాడు. షెట్‌లాండ్ స్త్రీ అల్లింది వర్తకుడికి, కాపరి వడికింది ముందు తన ఒంటికి. మిగిలితేనే సంతకి.

మా కులంలో రెండు శాఖలున్నాయి, ఉన్ని కంకణం వాళ్ళు, హత్తి కంకణం వాళ్ళు. పెళ్ళిలో చేతికి కట్టే దారం ఉన్నిదా, పత్తిదా అన్నదే తేడా. మనుషుల్ని నూలుపోగుతో గుర్తుపట్టుకున్న సమాజం అది. ఆ సమాజం గురించి రాతలో ఏముందని వెతికితే దొరికేది తక్కువ. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో ఆల్చిన్ తవ్విన కొత్త రాతియుగపు బూడిద దిబ్బలో పశువుల గిట్టల అచ్చులు దొరికాయి. వేల ఏళ్ళ కిందటి మంద కాలిగుర్తులు నిలిచాయి. ఉన్ని పోగు మాత్రం అన్నేళ్ళు నిలవదు, చెదలూ తేమా తినేస్తాయి. శాసనాల్లో మంద దానం ఇచ్చినవాడి పేరు ఉంటుంది, దాని వెంట నడిచినవాడి పేరు అన్నిటిలోనూ ఉండదు.

గొంగడి చరిత్రలోకి వచ్చింది భుజం మీదికెక్కాకే. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో చనిపోయిన దొడ్డి కొమరయ్య కురుమ. అప్పట్లో కడవెండి నల్లగొండ జిల్లాలోదే. మా భూమి సినిమాలో గద్దర్ గొంగడితో కనబడ్డాక అది పోరాటానికి యూనిఫాం లాంటిది అయిపోయింది. ఇప్పుడు సన్మాన సభల్లో నాయకులకి శాలువా బదులు గొంగడి కప్పుతున్నారు. బాగానే ఉంటుంది. కొన్నిసార్లు అందులో ఉన్ని ఎంత, సింథటిక్ ఎంత అని పట్టుకుని చూడాలనిపిస్తుంది.

అప్పటి ఇదే జిల్లాలో నడకనీ వడకడాన్నీ కలిపిన ఇంకో మనిషి ఉన్నాడు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి నడిచొచ్చాడు. అక్కడి దళితులు భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు, భూదానం అలా మొదలైంది. ఏడు వారాల తెలంగాణ పాదయాత్రలో దాదాపు 12,000 ఎకరాలు పోగయ్యాయి. వినోబాకి రోజూ నూలు వడకడం వ్రతం. గాంధీ పుణ్యమా అని తకిలీ అప్పటికే బడి పిల్లల చేతుల్లోకి వచ్చేసింది. రాట్నం మోసుకెళ్ళలేని చోటికి తకిలీ వస్తుంది కదా. కాపరి కదురు, గాంధీ తకిలీ ఒకే పనిముట్టు. ఒకటి దేశానికి ఆదర్శమైంది. రెండోది మాత్రం “గొర్లోడి” చేతిలో పుల్లగానే ఉండిపోయింది. తకిలీ తిప్పిన మా బడి పంతులు గురించి మా నాయిన గౌరవంగా చెప్పేవాడు. కదురు తిప్పిన సొంత తండ్రి గురించి అలా చెప్పేవాడు కాదు.

అదీగాక భూదానంలోనూ, సాయుధ పోరాటంలోనూ భూమి అంటే దున్నే భూమి. ఇచ్చేవాడూ, గుంజుకునేవాడూ, పంచేవాడూ అందరూ ఎకరాల్లోనే మాట్లాడారు. కాపరికి కావలసింది ఎకరం కాదు, దారి. బంచరాయి, గైరాన్, కంచె, అడవి అంచు, చెరువు శిఖం, కోత అయిపోయిన చేను, వీటన్నిటినీ కలిపే దారి. దాని మీద తెల్లవాళ్ళ అడవి శాఖ పుల్లరి వేస్తే, నందికొండకి సరిగ్గా నదికి అవతల ఉన్న పల్నాడులో తిరగబడ్డారు. ఆ గొడవలోనే 1922లో కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. పశువు మేయడానికి పన్నేమిటన్నది వాళ్ళ ప్రశ్న.

1952లో ఖోస్లా కమిటీ ఆనకట్టకి నందికొండ దగ్గర చోటు బాగుందంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది రాయి వేశాడు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలింది. నాగార్జునకొండ లోయ మునిగింది. మునిగే ముందు ఇక్ష్వాకుల కట్టడాలని రాయి రాయిగా విప్పి కొండ మీదికి చేర్చారు, మంచి పని చేశారు. కానీ దారులని అలా ఎత్తి పక్కన పెట్టలేం. వేసవిలో నది సన్నబడితే మందని దాటించి నల్లమల వైపు తోలుకెళ్ళే రేవు ఒకటి ఉండేదని తాత చెప్పేవాడట. అది ఇప్పుడు 590 అడుగుల నీటిమట్టం కింద ఎక్కడో ఉంది.

నందికొండని లాండ్‌తో పోల్చి ఇక్కడ ఒక విషాదగీతం పాడెయ్యడం తేలిక. నేను పాడను. ఎడమ కాలువ లేకపోతే మిర్యాలగూడ వరి లేదు, మా నాయినకి ఉద్యోగం లేదు, నాకు ఇంజనీరింగ్ సీటు లేదు. పైగా కాలువ మందని పూర్తిగా తరిమేయలేదు కూడా. వరి కోతలయ్యాక పాలమూరు మందలు ఆయకట్టుకి దిగుతాయి, రైతులు పొలంలో మంద పెట్టించుకుని ఎరువుకి బదులు డబ్బో వడ్లో ఇస్తారు. నడక ఉంది. మారింది దాని తీరు. కోతకీ మళ్ళీ నాటుకీ మధ్య దొరికే కొద్ది రోజుల్లో చేరాలి, పక్కవాడి మంద కంటే ముందు చేరాలి, మధ్యలో బీళ్ళు లేవు కాబట్టి తారు రోడ్డు మీద లారీల మధ్య నడవాలి. ఒక చేత్తో కర్ర, రెండో చేత్తో ఫోన్. ఏ ఊళ్ళో ఏ రేటో కనుక్కుంటూ. గొర్రె మేస్తూ కదిలే వేగంలోనే కదురు తిరుగుతుంది. మేత లేని రోడ్డు మీద మందని తోలే వేగంలో తిరగదు. ఇది నేను ఒంటితో తెలుసుకున్నాను. ఆ రోజు రోడ్డు మీద వెనక నుంచి ఒక టిప్పర్ హారన్ కొడితే ఉలిక్కిపడి సూది జారింది. పదహారు కుట్లు విడిపోయాయి. గట్టు దిగి కూర్చుని వాటిని ఎక్కించుకోవడానికి అరగంట పట్టింది.

గొర్రె కూడా మారింది. ఆ తాత మందలో నేను చూసినవన్నీ ఎర్రవి, అంటే నెల్లూరు జాతి. పొడుగ్గా ఉంటుంది, బరువు తూగుతుంది, ఒంటి మీద ఉన్ని ఉండదు, వెంట్రుకలే. మాంసానికి ధర ఉన్నప్పుడు ఉన్ని ఎందుకు మొయ్యాలి? 2017లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం సబ్సిడీతో ఇరవై గొర్రెలూ ఒక పొట్టేలూ చొప్పున ఇచ్చిన పథకంలోనూ పక్క రాష్ట్రం నుంచి లారీల్లో వచ్చినవి ఎక్కువ ఈ రకమే. నల్ల గొర్రె ఇంకా ఉన్నవాళ్ళకి ఉన్ని ఒక ఖర్చు. కత్తిరించకపోతే గొర్రెకి జబ్బు, కత్తిరిస్తే కూలి, ఆ తర్వాత కొనేవాడు లేక కంచెలో పారబోత.

నా సంచిలోని ఊలు మెరినో. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నది, వంద గ్రాముల ఉండ ధర చెప్తే మా అమ్మ తిడుతుంది. దక్కనీ ఉన్ని పారేస్తున్న జిల్లాలో, కురుమల మనవడు, సముద్రాల అవతలి గొర్రె ఉన్నితో మేజోళ్ళు అల్లుతూ నడుస్తున్నాడు. ఆ ముసలాయన రెండు వేళ్ళతో నలిపి చూసింది దీన్నే. మెత్తగా ఉందన్నాడో, ఉత్తదన్నాడో ఆయన ముఖం చూసి నాకు అర్థం కాలేదు.

జనవరిలో తెలిసినవాళ్ళ ద్వారా కిలో నల్ల ఉన్ని సంపాదించాను. వాళ్ళు డబ్బు తీసుకోలేదు, సంచి మాత్రం తిరిగివ్వమన్నారు. ఏకడం రాక వేళ్ళు నొప్పి పుట్టాయి. తకిలీ ఒకటి కొనుక్కుని నెల రోజులు కుస్తీ పట్టాక, ఒకచోట లావుగా, ఒకచోట తెగిపోయేలా ఒక పోగు వచ్చింది. దానితో మేజోడు పైభాగం ఆరు అంగుళాలు అల్లాను. వేసుకుంటే చీలమండ చుట్టూ దురద. గొర్రె వాసన.

సంక్రాంతి తర్వాత ఊరెళ్ళినప్పుడు దాన్ని నాయినకి చూపించాను. ఆయన ఎడమ కాలువ మీద లస్కర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. అంటే ఆయన ఉద్యోగం కూడా నడకే. గట్టు వెంట రోజూ కొన్ని మైళ్ళు, ఎక్కడ గండి పడుతుందో, ఎవడు తూము పగలగొట్టాడో చూసుకుంటూ. చేతులు వెనక్కి కట్టుకుని నడవడం ఆయనకి ఇప్పటికీ అలవాటు. క్వార్టర్స్‌లో ఉన్న ముప్ఫై ఏళ్ళలో మా ఇంట్లోకి గొంగడి రాలేదు. తాత వచ్చినప్పుడు బయట దండెం మీద వేసేవాడు.

నాయిన దాన్ని తిరగేసి లోపలి వైపు చూశాడు. పోగుని వేలికి చుట్టుకుని లాగి చూశాడు.

“నువ్వే వడ్కినవా?”

“ఔ.”

“గింత వదులు పోగా. కదురు ఎటు తిప్పినవ్?”

చూపించాను. తల అడ్డంగా ఊపాడు. ఆయన కదురు పట్టగా నేనెప్పుడూ చూడలేదు, కానీ బొటనవేలు, చూపుడువేలు గాల్లో ఎటు కదలాలో అటే కదిలాయి. కాసేపయ్యాక తనే చెప్పాడు. మంద అమ్మేశాక తాతకి ఇంట్లో కాలు నిలవక, పొద్దున్నే ఈయన డ్యూటీకి బయల్దేరితే వెనకాలే కాలువ గట్టు మీద నడిచొచ్చేవాడట, కదురు తిప్పుకుంటూ. ఎవరైనా ఇంజనీర్లు జీపులో ఎదురొస్తే నాయిన నాలుగడుగులు ముందుకి వేసి, వెనకున్న మనిషి తన మనిషి కానట్టు నడిచేవాడట.

“ఉన్ని ఏడికెల్లి వస్తుండె మరి, గొర్లు అమ్మినంక?” అని అడిగాను.

“ఇంట్ల రెండు మూటలుండె. ఏడాది వచ్చింది” అన్నాడు. “గది గూడ అయిపోయినంక ఉత్త కదురే తిప్పుకుంట నడిసెటోడు.”